లంబసింగిలో దొరికిన న్యూట్రల్

ఉదయం ఐదున్నర. లంబసింగిలో టీ కొట్టు ముందు బైక్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేర్ వేశా. ఠంగ్‌మని చప్పుడు. క్లచ్ నా చేతిలోనే ఉంది, బండి మాత్రం ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. టీ తాగుతున్నవాళ్లు నన్నూ, బండినీ ఓసారి చూసి మళ్లీ గ్లాసుల్లో మునిగిపోయారు.

నాది పదేళ్లు దాటిన 150 సీసీ డర్ట్ బైక్. సెకండ్ హ్యాండ్‌లో 35 వేలకు కొన్నా. రెండు నెలలుగా సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకదు. ఫస్ట్ నుంచి సెకండ్‌కి వెళ్లాలంటే కాలితో కుస్తీ. వైజాగ్‌లో ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే గేర్‌బాక్స్ పోయింది, ఇంజిన్ విప్పాలి, 18 వేలు అవుతుందన్నారు. దాంతో అమ్మేద్దామని ఫిక్సయ్యా. సోమవారం ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. అంటే ఇదే దానితో ఆఖరి ట్రిప్.

లంబసింగిని ఇక్కడివాళ్లు కొర్రబయలు అంటారు. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతారని ఆ పేరట. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఆ చలికి మనిషే కాదు, ఇంజిన్ ఆయిల్ కూడా చిక్కబడుతుంది. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి కదా, ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

ఎలాగోలా చెరువులవేనం ఎక్కా. కింద లోయంతా పాలు పోసినట్టు మేఘాలు. ఆ వ్యూ గురించి రీల్స్‌లో మీరు బోలెడు చూసే ఉంటారు, వదిలేస్తున్నా. దిగేటప్పుడు బురదలో ఎడమవైపు పడ్డా. నాకేం కాలేదు. గేర్ లివర్ లోపలికి వంగి ఇంజిన్ కవర్‌ని తాకుతోంది. సెకండ్ మీద ఇంక గేరు పడదు. నర్సీపట్నం దాకా 30 కిలోమీటర్ల ఘాట్ దిగాలి. గేర్లు మాట వినకపోతే బ్రేకులొక్కటే దిక్కు.

తోసుకుంటూ, దొర్లించుకుంటూ లంబసింగి రోడ్డు మీద పంక్చర్ షాపుకి చేరా. పెద్దాయన లివర్‌ని ఊడదీసి, రాయి మీద పెట్టి నాలుగు దెబ్బలతో సరిచేశాడు. బండికి ఉండగానే కొట్టొచ్చుగా అంటే, అలా చేస్తే లోపలి షాఫ్ట్ వంగిపోద్దన్నాడు. మాటల్లో గేర్‌బాక్స్ పోయిన సంగతి చెప్పా.

"పోనాదని ఎవులన్నారు బాబూ?"

ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి వెనక చక్రం గాల్లోకి లేపాడు. ఇంజిన్ ఆపేసి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో గేర్లు వేశాడు. ఒకటి నుంచి ఐదు దాకా, మళ్లీ వెనక్కి. ఒక్కటీ మొరాయించలేదు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ నొక్కి ఫస్ట్ వేశాడు. చక్రం జోరుగా తిరిగింది. ఆయిల్ వల్ల కాస్త తిరగడం మామూలే. కానీ వెనక బ్రేక్ తొక్కితే చక్రం ఆగి ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. నా బండి ఇంజిన్ కూడా ఆగిపోయింది.

"గేర్లకి ఏటీ అవనేదు. క్లచ్చే ఒగ్గట్నేదు."

నిజంగా గేర్‌బాక్స్ పోతే, ఎత్తు ఎక్కుతూ రేజ్ ఇచ్చినప్పుడు వేసిన గేరు దానంతట అదే ఊడిపోతుందట. ముందురోజు ఘాట్ అంతా ఎక్కా, ఒక్కసారీ ఊడలేదు. ఆఫీసులో లాగ్ చూడకుండా సర్వర్ మార్చేద్దామనేవాళ్లను నేనే తిడుతుంటా. ఇక్కడ నేనూ అదే చేశా.

క్లచ్ లివర్ దగ్గర రబ్బరు వెనక్కి లాగితే కేబుల్ పోగులు సగం తెగి కనిపించాయి. ఎంత నొక్కినా కేబుల్ సాగుతోందే తప్ప ప్లేట్లు విడిపోవట్లేదు. సరిపోయే కేబుల్ వెతికి వేసి, లివర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఆట ఉంచాడు. ఆట అసలే లేకపోతే క్లచ్ జారి ప్లేట్లు మాడిపోతాయి. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు గేర్‌లో పెట్టి, క్లచ్ నొక్కి బండిని ముందుకీ వెనక్కీ ఊపమన్నాడు, అతుక్కున్న ప్లేట్లు విడతాయని. ఇంకా పట్టేస్తే కుడివైపు కవర్ తీసి క్లచ్ బాస్కెట్‌లో గాడులు పడ్డాయేమో చూపించాలి. దానికీ ఇంజిన్ మొత్తం విప్పక్కర్లేదు.

మొత్తం 380 రూపాయలు. 400 ఇస్తే 20 చిల్లర వెతికి మరీ ఇచ్చాడు.

ఘాట్ మొత్తం సెకండ్‌లో, థర్డ్‌లో దిగా. బ్రేకులతో పెద్దగా పని పడలేదు. నర్సీపట్నం సెంటర్లో బండి ఆపి బొటనవేలితో లివర్‌ని అలా తాకించా. ఆకుపచ్చ లైటు వెలిగింది. వెనకాల ఆటోవాడు హారన్ కొట్టేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయా.

సోమవారం ఆయన వచ్చాడు. ఓ రౌండ్ వేసి, బాగుంది, గేర్లు వెన్నలా పడుతున్నాయన్నాడు. ముందు చెప్పిన రేటు మీద పదివేలు పెంచా. తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.