కొయ్యని అంచు

మా హైదరాబాద్ ఫ్లాట్‌కి వచ్చినవాళ్లు ముందు అడిగేది డైనింగ్ టేబుల్ గురించే. ఒక పక్క తిన్నగా ఉంటుంది, రెండో పక్క చెట్టు ఎలా పెరిగిందో అలాగే వంపులు తిరిగి ఉంటుంది. లైవ్ ఎడ్జ్ అంటారు దీన్ని. ఎక్కడ కొన్నావంటారు. కొనలేదు, మా పెరట్లోదే అంటాను. మిగతాది చెప్పను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడింది. కొబ్బరి, జీడి తోటలు వరసలకి వరసలు ఒరిగిపోయాయి. మా పెరటి పనసచెట్టు వేళ్లతో సహా లేచిపోయింది. దారులు తెరిచాక నేను ఊరు చేరేసరికి నాన్న కొమ్మలు నరికించి, మొద్దుని మాత్రం ఉంచారు. మా వీధి తలుపు అప్పటికే చెద తినేసి ఉంది. పనస చేవని చెద అంత తేలిగ్గా ముట్టదు, కొత్త తలుపులకి సరిపోతుందని ఆయన లెక్క.

నాకేమో యూట్యూబ్ వీడియోల పిచ్చి. మిల్లులో మామూలుగా దుంగకి నాలుగు పక్కలా చెక్కేసి, చదరం చేసి, అప్పుడు పలకలు కోస్తారు. చదరం చెయ్యొద్దు, అంచులతోనే రెండంగుళాల మందాన కోసెయ్యమన్నాను. మిల్లాయన నాన్న వైపు చూశాడు.

"ఆడు సెప్పినట్టే కొయ్యి" అన్నారు నాన్న. తలుపు మాట మళ్లీ ఎత్తలేదు.

పచ్చి చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. అందుకే పలకలు దోనెలా వంగుతాయి. చివర్లలోంచి నీరు తొందరగా పోయి అక్కడ పగుళ్లొస్తాయి. చివర్లకి పెయింట్ పూసి, పలకకీ పలకకీ మధ్య ఒకే మందం బద్దలు పెట్టి నీడలో పేర్చాలి. అంగుళానికి ఏడాది అని మోటు లెక్క. ఇవన్నీ నేను ఫోన్లో చెప్పేవాణ్ని, నాన్న చేసేవారు. పురుగు పడుతుందని బెరడంతా ఆయనే ఒలిచారు. నెలకోసారి పలకలు తిరగేసేవారని తర్వాత తెలిసింది. అంత బరువు ఒక్కరూ ఎలా ఎత్తేవారో నేనెప్పుడూ అడగలేదు.

2020లో ఆయన పోయారు. పలకలు అప్పటికింకా పూర్తిగా ఆరలేదు.

మరుసటేడు టేబుల్ చేశాను. చిత్రిక పట్టింది నేనే, ఆరు వారాంతాలు. "ఈ కథని ఇంకాస్త చిత్రిక పట్టాల్సింది" అని సమీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! ఒక చోట ఎత్తు తగ్గిద్దామని మొదలుపెడితే మొత్తం పలక పల్చబడుతుందని చేతులు నొప్పెట్టాక తెలిసింది. ఆ వాక్యం మళ్లీ రాయలేదు.

అమ్మ మొదటిసారి చూసి, "ఇదేటిరా, ఈ పక్క కొయ్యకుండా ఒగ్గేసినారు? డబ్బులు సాల్లేదా?" అంది.

తర్వాత ఆ వంపు మీద చెయ్యేసి, ఒక నల్లటి బెజ్జం దగ్గర ఆగింది. "మేకు కొట్టింది ఇక్కడే. ఆవుని కట్టీవోరు మీ నాన్న."

మిల్లుకి పంపేముందు ఆ మేకు పీకింది కూడా ఆయనే అయ్యుంటారు. మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి. నాకు ఆ ఆలోచనే రాలేదు.

పనస పసుపు ఇప్పుడు ముదురు గోధుమరంగుకి తిరిగింది. ఊళ్లో వీధి తలుపు మాత్రం ఇంకా అదే. వానాకాలం ఉబ్బి పట్టేస్తే అమ్మ భుజంతో నెట్టి తీస్తుంది. కాఫీ టేబుల్‌కని దాచిన పలకలు సావిట్లోనే ఉన్నాయి. ఈ సంక్రాంతికి వెళ్లి వడ్రంగిని పిలవాలి. రెండు అంచులూ తిన్నగా కోయించాలి.