ఫ్యాన్ ఆపితేనే సినిమా

ఫోన్‌తో సినిమా తీయొచ్చని ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. 2015లో వచ్చిన ‘టాంజరిన్’ని షాన్ బేకర్ లాస్ ఏంజెలెస్ వీధుల్లో ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. ఆ సినిమాకి సౌండ్ మాత్రం వేరే పరికరాలతో రికార్డు చేశారన్న సంగతి ఎవరూ ఎత్తరు. నేను తీసింది విజయవాడలో, మే నెలలో, మా రెండు గదుల పోర్షన్‌లో.

కథ చిన్నది. మనవడి ఫోన్ కోసం ఎదురుచూసే ముసలావిడ. మా నాయనమ్మే నటి. డబ్బింగ్ చెప్పిద్దామంటే, ఒకసారి అన్న మాట ఆవిడ మళ్లీ అలాగే అనదు. “వస్తానన్నాడు” అన్నది కాస్తా తర్వాతి టేకులో “వస్తానన్నాడు గానీ, వాడి మాట నీళ్లమూట” అయిపోతుంది. నిజానికి అదే బాగుంటుంది. అందుకని సౌండ్ అక్కడికక్కడే పట్టాలి. అంటే ఫ్యాన్ ఆపాలి, కూలర్ ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి, కిటికీలు మూయాలి. బయట 44 డిగ్రీలు. లోపల కొలిమి.

చిన్న మైకుని నాయనమ్మ పైట మడతలో టేపుతో అంటించాం. చెమటకి టేపు ఊడి మైకు జారిపోయేది. ఆవిడ పైట సర్దుకున్నప్పుడల్లా హెడ్‌ఫోన్స్‌లో బరబరమని ఒకటే రాపిడి. ఫోన్ వేడెక్కి కెమెరా దానంతటదే మూసుకుపోయేది. మా చెల్లి విసనకర్ర పట్టుకుని కాసేపు నాయనమ్మకీ, కాసేపు ఫోన్‌కీ విసిరేది. ఎల్‌ఈడీ బల్బు వేస్తే బొమ్మలో చారలు పాకేవి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 దగ్గర లాక్ చేస్తే పోయాయి. బొమ్మకి వచ్చే తంటాలకి ఇలా ఏదో ఒక లెక్క దొరుకుతుంది. చప్పుడుకి దొరకదు.

ఒక మధ్యాహ్నం టేకు మధ్యలో నాయనమ్మ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ముందు ఫ్యాన్ వేసింది. తలకి తడి తువ్వాలు చుట్టి, స్పృహ వచ్చాక ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా పట్టించింది. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోయిందన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక అమ్మ ట్రైపాడ్ మడిచి అటక మీద పడేసింది. “అత్తయ్యకి ఏమన్నా అయ్యుంటే మీ నాన్నకి ఏం చెప్పేదాన్ని? వీడి సినిమా కోసం అనా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

మళ్లీ కదిపింది నాయనమ్మే. “మొదలెట్టాక మధ్యలో ఒదిలేస్తావేంట్రా? ఎండెక్కకముందే తీసుకో” అంది. తెల్లవారుజామున లేచాం. గుడి మైకు, పాలబండి, ఆ వెంటనే కింద నీళ్ల మోటారు. ఇక లాభం లేదనుకుంటుండగా లైన్ల మరమ్మతు కోసం పొద్దున్నపూట కరెంటు ఉండదని పేపర్లో వేశారు. కరెంటు పోతే పండగ చేసుకున్నది మా ఇల్లొక్కటే అయ్యుంటుంది! వీధిలో మోటార్లు, కూలర్లు, టీవీలు అన్నీ ఒక్కసారే ఆగాయి. కిటికీలు బార్లా తెరిచి, ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీటు పెట్టి ఆ వెలుతురుని ఆవిడ ముఖం మీదికి మళ్లించాం. ఎండ ముదిరేలోపే మిగిలిన సీన్లు దాదాపు అన్నీ అయిపోయాయి.

ఆఖరి షాటులో ఎదురు అపార్ట్‌మెంటువాళ్లు జనరేటర్ వేశారు. నేను కట్ చెప్పేలోపే నాయనమ్మ చేతిలో ఫోన్ వంక చూసి, కిటికీ వైపు తిరిగి విసుక్కుంది. “ఈ గోలలో వాడు ఫోన్ చేసినా వినపడి చావదు!”

ఆ డైలాగు నేను రాసింది కాదు. ఎడిటింగులో జనరేటర్ మోత తగ్గించి చూస్తే ఆవిడ ఎవర్ని తిడుతోందో తెలియలేదు. ఉన్నదున్నట్టు ఉంచేశాను.