నాళంలో మెలిక, గుండు పొడవు

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులివేట అంటే ప్రాణం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ముగిసింది గానీ, వేట రైఫిళ్లు కొన్ని లైసెన్సుల మీద ఇళ్లలో మిగిలాయి. మిత్రుడొకరు ఆదిలాబాద్ నుంచి తాతగారి రైఫిల్ పట్టుకొచ్చి, నాంపల్లి వైపు ఉన్న తుపాకుల దుకాణానికి తోడు రమ్మంటే వెళ్లాను.

వెనక గదిలో బెంచీ ముందు కూర్చున్న ఉస్తాద్ మొదట బోల్టు ఊడదీశాడు, తూటా లేదని వేలు పెట్టి మరీ చూసుకున్నాడు. నాళం మీద ‘.275’ అని ఉంది. పాల్ మౌజర్ 1892లో రూపొందించిన 7×57కు ఇంగ్లండులో రిగ్బీ కంపెనీ పెట్టుకున్న పేరది. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన రైఫిల్‌దీ ఇదే బోరు.

‘‘ఏ తూటా కొనాలె ఉస్తాద్? 140 గ్రెయిన్లదా, 175దా?’’ అని మిత్రుడు అడిగాడు.

‘‘అందరు బరువే అడుగుతరు సాబ్. పొడుగు అడగరు’’ అన్నాడాయన.

క్లీనింగ్ రాడ్ కొసకు బిగుతుగా గుడ్డపీలిక చుట్టి లోపలికి తోసి, మూతి దగ్గర రాడ్ మీద పెన్సిలుతో గీత పెట్టి, నెమ్మదిగా బయటికి లాగాడు. పిడిలో బేరింగు ఉండటంతో లోపలి గాడుల వెంట రాడ్ తనంతట తానే తిరిగింది. గీత ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ పైకి రాగానే ఆపి, టేపు పెట్టాడు. ఎనిమిదిన్నర అంగుళాలు దాటి, తొమ్మిదికి కాస్త లోపు. మౌజర్ అసలు కొలత 220 మిల్లీమీటర్లు, అంటే 8.66 అంగుళాలకు ఒక చుట్టు. 173 గ్రెయిన్ల పొడుగాటి గుండ్రని ముక్కు గుండు కోసం పెట్టిన మెలిక అది. వందేళ్లు దాటిన నిర్ణయం ఆ ఉక్కులో చెక్కుచెదరకుండా ఉంది. నాకు అది చూసి గౌరవం కలిగింది.

గుండు బొంగరం లాంటిది. చాలినంత వేగంగా తిరగకపోతే తూలుతుంది. ఎంత పొడవుంటే అంత చురుకైన మెలిక కావాలి. 1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లీషు గణితవేత్త దీనికో సూత్రం చెప్పాడు: గుండు వ్యాసాన్ని వర్గం చేసి 150తో హెచ్చించి, పొడవుతో భాగించాలి. ఉస్తాద్ బిల్లు కాగితం వెనక లెక్క వేశాడు. వ్యాసం 0.284 అంగుళాలు, పొడవు 1.2 అనుకుంటే పది అంగుళాలకు ఒక చుట్టు చాలు. ఈ నాళం అంతకంటే చురుకే కాబట్టి 175 నిక్షేపంగా నిలుస్తుంది. పొట్టిగా ఉండే 140కీ ఇబ్బంది లేదు. చిక్కంతా మెలిక నెమ్మదై, గుండు పొడుగైనప్పుడే. పదహారు అంగుళాలకు ఒక చుట్టున్న పాత .22 హార్నెట్‌లో పొడుగాటి మొనదేలిన గుండు పెడితే కాగితానికి అడ్డంగా తగులుతుంది. గుండ్రటి బొక్కకు బదులు పొడుగాటి చీలిక పడుతుంది. సీసం లేని పూర్తి రాగి గుండ్లయితే అదే బరువుకు మరింత పొడవుంటాయి. బరువు చూసి కొనేవాళ్లు మోసపోయేది అక్కడే.

అమెరికాలో షూటర్లు ఖాళీ తొడుగులు తామే నింపుకుని తూటాను నాళానికి తగినట్టు మలుచుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. పాత ఉక్కులో కొలత తప్పిన మందు కళ్లు తీసేస్తుంది కూడా. అందుకే ఇక్కడ పని తలకిందులు: ముందు నాళాన్ని కొలవాలి, తర్వాత ఫ్యాక్టరీ తూటాల్లో దానికి సరిపడేది వెతకాలి. లైసెన్సు మీద వచ్చేవి కొద్ది తూటాలే కాబట్టి ఈ కొలత తప్పనిసరి అని నా నమ్మకం. .315 వాళ్లకు ఈ బాధ లేదు. .303 సైన్యం బోరని పౌరులకు నిషేధించడంతో దాని స్థానంలో నిలిచిన రైఫిల్ అది. దానికి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తూటా 244 గ్రెయిన్లది, కాబట్టి ఎంచుకునే పని లేదు.

మిత్రుడు 175 వైపే మొగ్గాడు. ఉస్తాద్ మాత్రం నాళంలోకి లైటు వేసి చూస్తూ ఉండిపోయాడు. తూటా కూర్చునే చోటుకు ముందు గాడులు కొంత అరిగాయట. ‘‘మెలిక లెక్క కుదిరింది. అరుగుడు లెక్క వేరే ఉంటది. ఒక్క పెట్టె తీసుకొని రేంజిల కాగితం మీద కొట్టుండ్రి, బొక్కలు గుండ్రంగ పడితెనే రెండోది కొనుండ్రి.’’