త్రిప్పరాని స్క్రూ

ఇంజను ఆరోగ్యం చెవితో తెలుసుకోవలసినదే అని మా అబ్బాజాన్ నమ్మకం. కార్బురేటరు బండ్ల కాలంలో ఆ నమ్మకం ఏనాడూ వమ్ము కాలేదు. ఐడిలింగ్ స్క్రూను పావు చుట్టు అటో ఇటో త్రిప్పి, ఊపిరి బిగబట్టి విని, "బస్" అనేవారు. అంబాసిడరైనా, ఫియట్టయినా ఆ మాటతో నిలకడకు వచ్చేది. ప్రక్కన బల్బు పట్టుకొని నిలుచున్న అన్నదమ్ములం మేము.

2009లో మా ఇంటికి పెట్రోలు ఇంజెక్షను పద్ధతి గల ఒక పాత కారు వచ్చింది. కూడలిలో ఆగినప్పుడల్లా ఇంజను ఆరిపోయేది. అబ్బాజాన్ మూత ఎత్తి, థ్రాటిల్ ప్రక్కనున్న చిన్న స్క్రూను త్రిప్పినారు. ఆరిపోవుట మానింది గాని, మరునాటినుండి బండి నిలిచియుండగానే రొద చేయసాగింది.

ఆ స్క్రూ ఐడిలింగ్ కొరకు కాదని మేము పుస్తకంలో చదివియున్నాము. థ్రాటిల్ రేకు గొట్టంలో బిగుసుకొనకుండా ఆపుటకే దానిని కర్మాగారంలో అమర్చి, రంగు చుక్క పెట్టుదురు. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు కావలసిన గాలిని కంప్యూటరు ప్రక్కదారిలోని కవాటము ద్వారా కొలిచి వదలును. స్క్రూతో రేకును తెరచినకొద్దీ అది కవాటమును మూసుకొంటూ పోయి, ఇక మూయుటకు చోటు లేక చేతులెత్తివేయును. చదివినదే గాని, ఆయనతో అనుటకు మాకు రెండు దినములు పట్టినది. నలభై ఏండ్ల చేతిని తప్పు పట్టుట సులభమా?

"త్రిప్పరానిదైతే స్క్రూ ఎందుకు పెట్టినారు?" అన్నారాయన. తరువాత చాలసేపు మాటలేదు.

స్క్రూను పాత రంగు గుర్తుకు చేర్చినాము. గాలి గొట్టము విప్పి చూడగా రేకు అంచున, ప్రక్కదారిలో నూనె ఆవిరితో పేరుకొన్న నల్లని మసి. ఆరిపోవుటకు కారణమదే. మందు చల్లి, గుడ్డతో తుడిచినాము. బ్యాటరీ తీగ కాసేపు విప్పి మరల తగిలించి, కంప్యూటరు కొత్త లెక్క నేర్చుకొనుటకై దీపాలు వేయక ఇంజనును వేడెక్కనిచ్చినాము. అయినను వేగము కొంత హెచ్చుగానే ఉన్నది. మా పుస్తకము అక్కడ ఆగిపోయినది.

అబ్బాజాన్ తల వంచి విన్నారు. "ఎక్కడో గాలి పీల్చుతున్నది" అని, ఒక సన్నని రబ్బరు గొట్టమును వ్రేళ్ళతో నొక్కినారు. వెంటనే రొద తగ్గినది. గొట్టము క్రిందివైపు వెంట్రుకంత పగులు! దానిని మార్చిన పిదప నిమిషమునకు సుమారు 800 చుట్ల వద్ద ఇంజను నిలిచినది.

"బస్" అన్నారు. ఆ స్క్రూ తలపై ఎర్ర రంగు పూసినది మేము కాదు, ఆయనే.