గడియారం ఎవరి మాట వినాలి?

పిల్లలూ! పల్నాడు పేరు చెబితే అందరికీ బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారెంపూడి యుద్ధం గుర్తుకు వస్తాయి. ఆ కథ మీరు విన్నదే. ఈసారి మనం అదే పల్నాటికి ఇంకో పని మీద వెళదాం. అక్కడ పొద్దు ఎప్పుడు నడినెత్తికి వస్తుందో, అప్పుడు గడియారం ఎంత చూపుతుందో చూసి వద్దాం. మీరు తెచ్చుకోవలసినవి రెండే: ఒక గడియారం, ఒక తిన్నని కర్ర.

ముందు నరసరావుపేటలో దిగుదాం. 2022 ఏప్రిల్ 4 నుండి ఇది పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం. దగ్గరలోనే కోటప్పకొండ వున్నది. మహాశివరాత్రికి అక్కడికి ఎత్తయిన ప్రభలు కట్టుకుని జనం తరలి వస్తారు. ఏప్రిల్ 15న గాని, సెప్టెంబరు 1న గాని ఇక్కడ చదునైన నేలలో మన కర్రను నిలువుగా పాతి, నీడను చూస్తూ కూర్చోండి. పొద్దెక్కిన కొద్దీ నీడ పొట్టిదవుతుంది. అన్నిటికంటె పొట్టిదైన క్షణమే అసలైన మిట్టమధ్యాహ్నం. అప్పుడు గడియారం చూస్తే 12 గంటలు కాదు, సుమారు 12 గంటల 10 నిమిషాలు అయి వుంటుంది!

ఇందులో గడియారం తప్పు లేదు, సూర్యుడి తప్పూ లేదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది. మన దేశంలోని గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. నరసరావుపేట 80 డిగ్రీల దగ్గర, అంటే దానికి రెండున్నర డిగ్రీలు పడమరగా వున్నది. రెండున్నరను నాలుగుతో హెచ్చవేయండి. పది నిమిషాలు వచ్చాయి కదా!

ఇప్పుడు బస్సెక్కుదాం. దారిలో సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ళ వస్తుంది. అటూ ఇటూ మిరప చేలు, పత్తి చేలు, నాపరాతి గనులు కనిపిస్తాయి. గురజాల, రెంటచింతల దాటితే మాచర్ల. చెన్నకేశవస్వామి గుడి వున్నది ఇక్కడే. మాచర్ల ఇంకా పడమరగా వున్నది కాబట్టి, ఆ రెండు రోజుల్లోనూ ఇక్కడ మధ్యాహ్నం సుమారు 12 గంటల 12 నిమిషాలకు అవుతుంది. మన బస్సుకు గంటలు పట్టిన దారిని నడిపొద్దు రెండున్నర నిమిషాలలో దాటిపోయింది!

మరి ఒకే జిల్లాలో రెండు మధ్యాహ్నాలు వుంటే రైళ్ళు ఎలా నడుస్తాయి? అందుకే మనుషులు ఒక ఒప్పందానికి వచ్చారు. మొదట మన దేశంలో రైళ్ళు మద్రాసు నక్షత్రశాల కాలాన్ని అనుసరించి నడిచేవి. అది గ్రీనిచ్ కాలానికి 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందు. నరసరావుపేట సూర్యుడికీ, ఆ మద్రాసు కాలానికీ తేడా ఒక్క నిమిషమే. 1906 జనవరి 1న దేశానికంతకూ ఒకే కాలం ఏర్పడింది. అది గ్రీనిచ్‌కు 5½ గంటలు ముందు. అంటే మద్రాసు కాలం చూపే గడియారాన్ని 8 నిమిషాల 46 సెకండ్లు ముందుకు తిప్పవలసి వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ తమ సొంత కాలాలను విడిచిపెట్టలేదు. కాబట్టి, పిల్లలూ, గడియారంలోని కాలం ఆకాశం నుండి ఊడిపడలేదు. అది మనుషులు కూర్చుని చేసుకున్న ఏర్పాటు.

ఆ ఏర్పాటును మళ్ళీ ఒకసారి మార్చారు. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1942 సెప్టెంబరు 1న దేశంలోని గడియారాలను ఒక గంట ముందుకు తిప్పారు. 1945 అక్టోబరు 15 దాకా అలాగే వుంచారు. ఆ లెక్కన మాచర్లలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గడియారం సుమారు 1 గంట 12 నిమిషాలు చూపింది. జనవరి నెలలో అక్కడ సూర్యుడు ఉదయించేసరికి ఏడున్నర దాటిపోయింది. పాలిచ్చే గేదెకు ఈ సంగతి ఎవరు చెబుతారు? అది ఎప్పటి వేళకే అరిచింది. కోడి ఎప్పటి వేళకే కూసింది.

ఈ గంట తిప్పటమనే ఆలోచన చలి దేశాలది. లండనులో జూన్ నెలలో పగలు 16½ గంటలుంటుంది. డిసెంబరులో 8 గంటలైనా వుండదు. వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికే వెలుతురు వస్తుంది, జనం మాత్రం నిద్రపోతూ వుంటారు. ఆ వెలుతురు వృథా పోతున్నదని విలియం విల్లెట్ అనే గృహనిర్మాత 1907లో ఒక చిన్న పుస్తకం వేశాడు. అప్పుడది అమలు కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు పొదుపు చేయవలసి వచ్చి, 1916 ఏప్రిల్ 30న జర్మనీ, మే 21న బ్రిటన్ గడియారాలను ముందుకు తిప్పాయి.

ఇప్పుడు కూడా అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. పల్నాడు నుండి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో వున్నాయి. న్యూజెర్సీలోని మనవరాలు రాత్రి 9 గంటలకు నరసరావుపేటలోని నాయనమ్మకు ఫోను చేస్తుందనుకోండి. వేసవిలో అది నాయనమ్మకు ఉదయం 6½ గంటలు. చలికాలంలో 7½ గంటలు. నాయనమ్మ గడియారం కదలలేదు. అయినా ఆమె ఎదురుచూసే వేళ ఏడాదికి రెండుసార్లు మారిపోతుంది. "ఇవాళ పిల్ల ఫోను చెయ్యలేదేమిటి?" అని ఆమె కంగారుపడితే, తప్పు ఎవరిది?

ఇలా తిప్పటం మానేద్దామని చాలామంది అంటున్నారు. వారు చెప్పే కారణాలు వినదగినవే. వసంతకాలంలో గంట నిద్ర పోయిన మరునాటి నుండి కొద్ది రోజులు రోడ్డు ప్రమాదాలు, గుండెపోట్లు పెరుగుతున్నాయని కొన్ని పరిశోధనలలో తేలింది. కరెంటు మిగులుతుందన్న మాట కూడా అన్ని చోట్లా నిజం కాలేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమంతా 2006లో ఈ పద్ధతిలోకి రాగా, అక్కడి ఇళ్ళలో కరెంటు వాడకం తగ్గకపోగా నూటికి సుమారు ఒక వంతు పెరిగింది. దీపాల ఖర్చు కొంత తగ్గినా, ఇంటిని చల్లబరచే యంత్రాల ఖర్చు పెరిగింది మరి! 2019లో యూరపు పార్లమెంటు ఈ మార్పులు ఆపాలని ఓటు వేసింది. కాని దేశాల మధ్య ఒప్పందం కుదరక అది అమలు కాలేదు.

ఎందుకు కుదరలేదు? మానెయ్యాలంటే, వేసవి కాలాన్ని వుంచుకోవాలా, చలికాలపు కాలాన్నా అన్నది తేల్చుకోవాలి. 1974 జనవరిలో అమెరికా ఏడాది పొడవునా వేసవి కాలమే అని నియమం పెట్టింది. చలికాలంలో పిల్లలు కటిక చీకటిలో బడికి నడవవలసి వచ్చింది. తల్లిదండ్రులు భయపడ్డారు. ఆ అక్టోబరులోనే పాత పద్ధతికి తిరిగి వచ్చారు. రష్యా కూడా 2011లో శాశ్వతంగా వేసవి కాలం పెట్టుకుని, 2014లో చలికాలపు కాలానికి మారింది.

ఇక పల్నాడు సంగతి చూద్దాం. ఇక్కడ అన్నిటికంటె పెద్ద పగలు సుమారు 13 గంటలు, చిన్న పగలు 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. ఉదయాన ఒక గంట, సాయంత్రం ఒక గంట. లండనులో లాగా దాచిపెట్టుకోవలసినంత వెలుతురు మనకు మిగలదు. మన కష్టం చీకటితో కాదు, ఎండతో! రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా పేరు మోసినవి.

ఆ ఎండకు మనవారు ఏమి చేశారు? గడియారాన్ని కదపలేదు, పనిని కదిపారు. మార్చి నడిమి నుండి ఒంటిపూట బడులు పెట్టి, ఉదయం 7 గంటల 45 నిమిషాలకు పిల్లలను పిలిచి, మధ్యాహ్నం 12½ గంటలకు ఇంటికి పంపుతున్నారు. మిరపకాయలు కోసేవారు తెల్లవారగానే చేను చేరుతారు.

అయితే ఒక మాట మరువకూడదు. బడి వేళను అధికారులు మార్చగలరు. సొంత చేను వున్న రైతు తన ఇష్టం వచ్చినప్పుడు చెట్టు నీడకు చేరగలడు. కూలికి వచ్చినవాడి వేళ ఇంకొకరి చేతిలో వుంటుంది. గడియారం తిప్పితే అందరూ ఒకేసారి కదులుతారు. దానిలోని మంచి అదొక్కటే. ఆ మంచిని మనం గడియారం తిప్పకుండానే సాధించవచ్చు. వేసవిలో కూలిపనులు కూడా బడుల లాగే పెందరాళే మొదలై, ఎండ ముదరకముందే ముగిసేలా పెద్దలంతా ఒక కట్టడి చేసుకుంటే చాలు. ఏడాదికి రెండుసార్లు ముల్లు తిప్పే అవసరం మనకు లేదని, వున్నవారు కూడా మానుకోవటమే మేలని నా అభిప్రాయం. కాని ఏ కాలాన్ని వుంచుకోవాలో నిర్ణయించేటప్పుడు, పొద్దున్నే బడికి నడిచే పిల్లవాణ్ణి ముందు తలచుకోవాలి.

మీ ఊళ్ళో కూడా కర్ర పాతి చూడండి. మీ మధ్యాహ్నం ఎన్ని గంటలకు అవుతున్నదో పుస్తకంలో రాసుకోండి. ఏప్రిల్ 15న గాని, సెప్టెంబరు 1న గాని చూస్తే, కాకినాడకు పడమరగా వున్న ఊళ్ళలో అది 12 దాటాక వస్తుంది. ఆ రోజుల్లోనే శ్రీకాకుళంలో 12 కంటె ముందే వస్తుంది. ఎందుకో మీ తమ్ముడికో చెల్లెలికో మీరే చెప్పండి. చెప్పగలిగితే పాఠం మీకు వచ్చినట్టే.