క్రొత్త ఫోను ఎవరికి?

దసరా, దీపావళి సమీపించినంతనే దినపత్రికల పుటలన్నియు స్మార్టుఫోనుల ప్రకటనలతో నిండిపోవును. తగ్గింపు ధర యనియు, వడ్డీలేని వాయిదా లనియు చదువగనే చేతిలోనున్న ఫోను ఒక్కసారిగా పాతబడినట్లు తోచును. సోదరీమణులారా! ఈ విషయమున మన యిండ్లలో జరుగు తర్కమంతయు కెమేరాను గూర్చియు తెర మెఱుపును గూర్చియునే గాని, విచారింపవలసిన సంగతిని విచారించుట లేదని మా యభిప్రాయము.

దినము గడవకమున్నే ఛార్జింగు దిగిపోవుచున్నదని క్రొత్తది కొనువారు పెక్కురు. ఇందు దోషము సాధారణముగా బ్యాటరీది. లిథియం అయాన్ బ్యాటరీ నిండుచు దిగుచున్నకొలది క్షీణించుట దాని స్వభావము. ఐఫోనులలో 14వ తరమువరకు 500 పూర్తి ఛార్జింగుల పిమ్మట మొదటి శక్తిలో 80 శాతము నిలుచునట్లు బ్యాటరీని చేసిరి. 15వ తరమునుండి ఆ సంఖ్య 1000 అయినది. వేడిమి దానికి పరమశత్రువు. పొయ్యిప్రక్క గట్టుమీద ఫోనుంచి ఛార్జింగు పెట్టు అలవాటు మన వంటయిండ్లలో మిక్కుటము, అది మానదగినది. బ్యాటరీని మాత్రము మార్పించినచో, క్రొత్త ఫోను వెలలో స్వల్పభాగముతో పని గడచును.

కెమేరాను గూర్చి మేము విస్తరింపము. ఎంత గొప్ప చిత్రమైనను వాట్సాప్‌లో మామూలుగా పంపగనే కుదించుకొనిపోవును గదా! 5జీ మన దేశమున 2022 అక్టోబరు 1వ తేదీని ప్రారంభమయ్యెను గాని, 4జీ ఫోనుతో మనకు నిలిచిపోయిన పని యేదియు లేదు.

అయినను ఫోనునకు వేఱొక ఆయుర్దాయము కలదు. దొంగలు చొరబడు సందులు బయటపడినప్పుడెల్ల తయారీదారులు వానిని పూడ్చు సవరణలు పంపుచుందురు. వీనినే సెక్యూరిటీ అప్‌డేట్లందురు. అవి నిలిచిపోయిన ఫోను గడియ యూడిన తలుపువంటిది. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8నకును, 2024లో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24నకును ఏడేండ్లపాటు వీనిని పంపెదమని ప్రకటించినవి. చవుక ఫోనులలో పెక్కింటికి గడువు ఇంతకంటె చాల తక్కువ. మిక్కిలి పాతవానిని యాపులును విడిచివేయును: ఆండ్రాయిడ్ 5.0నకు ముందటి ఫోనులలో వాట్సాప్ పనిచేయుట మానినది.

ఇక మన గృహాచారమును గమనింపుడు. క్రొత్త ఫోను యజమానికో, కాలేజీ చదువు కుమారునికో వచ్చును. అతని పాతది చెల్లెలికి, ఆమెది తల్లికి, తుదకు తల్లిది అత్తగారికి. ఇంటిపట్టున నుండువారికి క్రొత్తది యేల యని యందురు. కాని అట్లు నాలుగు చేతులు మారి, తెర పగిలి, సవరణలాగి మనకు చేరిన ఆ ఫోనులోనే గ్యాసు బుకింగు, పొదుపుసంఘపు లెక్కలు, ఆధార్ ఓటీపీలు, పాలవానికి యూపీఐ చెల్లింపు, అత్తగారి పింఛను సొమ్ము! కుమారుని ఫోనులో నుండునవి ఆటలు, చలనచిత్రములు. ధనమొకచోట, కావలి వేఱొకచోట. దీనిని పొదుపని యెట్లనగలము?

కావున కొనుటకు ముందు ఇంటనున్న ఫోనులనన్నింటిని వరుసగా పెట్టి, సెట్టింగులలో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీని చూడుడు. ఏడాదికి పైబడి సవరణ రాని ఫోను ఎవరిదో, అందును బ్యాంకు పనులు ఎవరు చేయుచున్నారో, క్రొత్తది వారికే కొనవలెను. మిగిలినవారికి బ్యాటరీ మార్పు చాలును. (పెండ్లిపత్రిక యని వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలును తెఱచి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చువారిని మాత్రము ఏ క్రొత్త ఫోనును కాపాడలేదు.) వడ్డీలేని వాయిదా యన్నచోట ప్రాసెసింగు రుసుమును, బ్యాంకు లెక్కగట్టు వడ్డీమీది 18 శాతము జీఎస్‌టీని అడిగి తెలిసికొని, రొక్కపు ధరతో పోల్చుకొనవలెను.

పాతదానిని మారకమునకిచ్చునప్పుడు సిమ్మును, మెమరీకార్డును తీసివైచి, ఫోటోలను వేఱొకచోట దాచుకొని, ఫ్యాక్టరీ రీసెట్ చేసిన పిమ్మటనే దుకాణదారుని చేతికీయుడు. ఆ పని అతడే చేసిపెట్టెదనన్నను, మన కన్నులయెదుట చేయుమనుడు.