దిగడమే పని

ఎండ్యూరో రేసులో కొండ ఎంత వేగంగా ఎక్కావని ఎవరూ చూడరు. చెప్పిన వేళకి పైన ఉంటే చాలు. టైం లెక్కపెట్టేది దిగేటప్పుడే. 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ మొదలైందీ ఈ పద్ధతిలోనే.

ఇది తెలియక నేను ఆర్నెల్లు ఎక్కడమే ప్రాక్టీసు అనుకున్నాను. తెల్లవారుజామున గాజువాకలో బయల్దేరి, యారాడ కొండ రోడ్డు రొప్పుకుంటూ ఎక్కేసి, కాసేపు సముద్రం చూసి, రెండు బ్రేకులూ బిగబట్టి దిగేవాణ్ణి. కాళ్ళు గట్టిపడ్డాయి. భయం అలాగే ఉంది.

మొదటిసారి తారు వదిలి మట్టిబాటలో దిగిన రోజు, సరిగ్గా మలుపు మధ్యలో ముందు బ్రేకు నొక్కాను. గులకరాళ్ళమీద చక్రం జారిపోయింది. మోచెయ్యంతా దోక్కుపోయింది.

"ఏటి బాబూ, సైకిలు కొత్తదేటి?" అన్నాడు మేకలు కాస్తున్న పెద్దాయన.

కొత్తది సైకిలు కాదు, నేనని చెప్పలేకపోయాను.

అప్పట్నుంచీ ఆ వంద గజాల దిగుడే, మళ్ళీ మళ్ళీ. సీటు కిందికి దించి, పెడళ్ళమీద నిలబడి, ఒక్కో బ్రేకుమీద ఒక్క వేలు. వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి, మలుపులో బ్రేకు వదిలెయ్యాలి. చూపు మలుపు అవతల ఉండాలి. రాయిని చూస్తూ పోతే రాయిమీదికే పోతాం.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూస్తే కాళ్ళు ఆగవు. కానీ అది వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక. టైరు గాడి పడితే వాననీళ్ళు దాన్నే కోసుకుంటూ పోతాయి. అక్కడ నడుస్తాను, అంతే.

రేసుకి ఇంకా పేరివ్వలేదు. పోయిన ఆదివారం ఆ మలుపులో బ్రేకు ముట్టుకోకుండా తిరిగాను. పెద్దాయన ఆ పూట రాలేదు.